కట్టెల పొయ్యి వెనుక గోడకు పీవీసీ ప్యానెల్ వేస్తున్నారా? ఆగండి.. ముందు ఇది తెలుసుకోండి

చలికాలం వచ్చిందంటే చాలు.. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని అర్లి(టి), సిర్పూర్(యు), గిన్నెధరి పేర్లు వాతావరణ బులెటిన్లలో మారుమోగుతాయి. ఉష్ణోగ్రతలు సింగిల్ డిజిట్‌కు పడిపోతాయి. ఇంట్లో గ్యాస్ ఉన్నా సరే, ఉడుకు నీళ్లకు, చలి కాచుకోవడానికి కట్టెల పొయ్యి వెలగాల్సిందే. అయితే మసి కనిపించొద్దని కొందరు పొయ్యి వెనుక గోడకు పీవీసీ ప్యానెల్స్, ప్లైవుడ్ బిగిస్తున్నారు. చిక్కంతా అక్కడే.

పీవీసీ సుమారు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. షాపులో లైటర్ పెట్టి 'చూడండి, అంటుకోదు' అని చూపించినా నమ్మి తెచ్చుకోవద్దు. మంట పాకకపోవచ్చు కానీ, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వస్తుంది. జిప్సం బోర్డు అంటుకోదు. రోజూ వేడి తగిలితే మాత్రం అందులోని నీరు పోయి పిండిలా రాలుతుంది.

కర్రది ఇంకో కథ. మామూలుగా 250 నుంచి 300 డిగ్రీల మధ్య అంటుకుంటుంది. కానీ ఏళ్ల తరబడి వేడి తగిలిన కర్ర లోలోపలే ఎండి, బొగ్గులా మారుతుంది. ఆ తర్వాత అంతకంటే తక్కువ వేడికే రాజుకోవచ్చు. 'పదేళ్ల సంది ఏం కాలేదు' అన్న మాట అందుకే ధైర్యం ఇవ్వదు! ప్లైవుడ్ మీద టైల్స్ అతికించినా అంతే. టైల్ కాలదు, వేడిని వెనక్కి పంపుతుంది. గూడేల్లో తడకకు మట్టి మెత్తిన గోడలకు ఆ మట్టే రక్షణ. పెచ్చు ఊడి వెదురు కనిపిస్తే వెంటనే మెత్తాలి.

మరి ఏం వేయాలి? కాలిన ఇటుకను మట్టితోనే కట్టి, పైన ఇసుక, ఊక కలిపిన మట్టి పూత వేయడం మంచిది. సిమెంట్ గిలాబు 300 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, మట్టికి ఆ బాధ తక్కువ. రంగు కావాలంటే సున్నం వేయండి, ఆయిల్ పెయింట్ వద్దు. కరీంనగర్ గ్రానైట్ చూడ్డానికి బాగుంటుంది కానీ మంట నేరుగా తగిలితే పగుళ్లు వస్తాయి. వేడెక్కిన బండ మీద చల్లనీళ్లు పడితే మరీనూ. మంటకు దూరంగా, పక్కలకు వాడుకోవచ్చు.

వెనుక ఉన్నది కర్ర గోడే అయితే? అమెరికాలోని ఎన్ఎఫ్‌పీఏ 211 ప్రమాణం ప్రకారం, ప్రత్యేకంగా పరీక్షించి ధ్రువీకరించని కట్టెల స్టవ్‌కు, కాలే గోడకు మధ్య 36 అంగుళాల ఎడం ఉండాలి. గోడకు అంగుళం ఖాళీ వదిలి ఇనుప రేకు బిగిస్తే 12 అంగుళాలు సరిపోతుంది. రేకు కింద, పైన తెరిచే ఉంచాలి. కింది నుంచి చల్లగాలి వచ్చి వేడిని పైకి తీసుకుపోతుంది. ఆ ఖాళీని సిమెంట్‌తో పూడ్చేస్తే రేకు వేసి లాభం లేదు. ఇది ఇనుప స్టవ్‌ల లెక్క. మంట బయటికి ఎగసే మన పొయ్యికి ఇంకా ఎక్కువ దూరమే ఉండాలి.

పూత వేసిన మర్నాడే పెద్ద మంట పెట్టొద్దు. లోపలి తేమ ఆవిరై పూత పగులుతుంది. పూర్తిగా ఆరాక, మొదట కొన్ని రోజులు చిన్న మంటే. ఆ తర్వాత పొయ్యి గంటసేపు మండాక గోడ అవతలి వైపు చెయ్యి ఆనించి చూడండి. చెయ్యి నిలవకపోతే పొయ్యిని జరపాల్సిందే.