బొమ్మ తీసేస్తే కథ ఆగిపోవాలి

గ్రాఫిక్ నవల ఏదైనా చేతికొస్తే నేను ముందు చేసే పని ఒకటుంది. మధ్యలో ఓ పేజీ తెరిచి, బొమ్మల మీద తెల్లకాగితం కప్పి, మాటలు మాత్రం చదువుతాను. మాటలతోనే సంగతంతా తెలిసిపోతే ఆ పుస్తకం పక్కన పెట్టేస్తాను. కథ అక్కడే ఆగిపోయి, కాగితం తీస్తే తప్ప ముందుకు కదలకపోతే కొంటాను.

రాజమండ్రిలో ఒక హైస్కూలు లైబ్రరీ చూసుకుంటాను. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పిల్లలు వస్తారు. బీరువాలో ఒక అర మొత్తం గ్రాఫిక్ నవలలకే ఇచ్చాను. పేరెంట్స్ మీటింగు రోజున ఆ అర చూసినవాళ్లు అడిగేది ఒకటే: "మేడమ్, పదో తరగతికొచ్చాక కూడా బొమ్మల పుస్తకాలేంటండీ?" అక్షరాలు రానప్పుడు బొమ్మలు, వచ్చాక పుస్తకాలు అని వాళ్ల లెక్క. ఆ లెక్క ఎందుకు తప్పో చెప్పడానికి ఈ అరలోంచే కొన్ని తీసి చూపిస్తాను.

బొమ్మల కథలు మనకు కొత్తేం కాదు. 1947లో మొదలైన చందమామ ఉంది. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ ఉంది. బుజ్జాయి గీసిన 'డుంబు' ఉంది. అయితే చందమామలో కథ మాటల్లోనే పూర్తయ్యేది. చిత్రకారుడు వపా గీసిన బొమ్మ దానికి అందం తెచ్చేది. అమర్ చిత్ర కథలో గళ్లు ఎక్కువగా దేవుళ్లవీ, రాజులవీ, మహాపురుషులవీ. 1978లో అమెరికాలో విల్ ఐస్నర్ 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్' వేసిన తర్వాత గ్రాఫిక్ నవల అన్న పేరు బాగా వాడుకలోకొచ్చింది. అందులో కథ న్యూయార్క్ ఇరుకు వాటాల్లో అద్దెకుండే మామూలు మనుషులది. అక్కణ్నుంచి ఈ దారిలో నడిచినవాళ్లు సొంత ఇంటి గుట్లు, సొంత ఒంటి లోపాలు, చూసిన యుద్ధాలు గీస్తూ వచ్చారు. పదమూడేళ్లు దాటిన పిల్లలకు కావలసింది సరిగ్గా అదే.

ఎనిమిదో తరగతికి

సీసీ బెల్ రాసి, గీసిన 'ఎల్ డెఫో' 2014లో వచ్చింది. నాలుగేళ్ల వయసులో మెనింజైటిస్ వచ్చి ఆవిడకు వినికిడి పోయింది. ఆ బాల్యమే ఈ కథ. పాత్రలన్నీ కుందేళ్లు. తల మీద అంతంత చెవులున్న జంతువుకే చెవుడు రావడంలోని చమత్కారం పిల్లలకు వెంటనే తెలుస్తుంది. సీసీ ఛాతీకి కట్టుకున్న యంత్రంతో టీచర్ మాటలు వింటుంది. టీచర్ మెడలో మైకు వేసుకునే బాత్‌రూముకు వెళ్తే ఆ చప్పుళ్లూ వింటుంది. ఆ పేజీ దగ్గర నవ్వని పిల్లను నేను చూడలేదు.

మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఈ పుస్తకం పట్టుకొచ్చి, "మేడమ్, ప్రింటు సరిగా పడలేదు, వేరే కాపీ ఉందా?" అన్నాడు. చూస్తే, మాటల బుడగలో అక్షరాలు పోనుపోను పల్చబడుతున్నాయి. "సీసీ మిషన్లో ఏమైందో చూడరా" అన్నాను. ఒక పేజీ వెనక్కి తిప్పాడు. బ్యాటరీ అయిపోతోంది! అక్షరాలు మాసిపోయి, చివరికి బుడగ ఖాళీ అయిపోతుంది. వినబడకపోవడం ఎలా ఉంటుందో ఏ వర్ణనా చెప్పలేనంత సూటిగా ఆ ఖాళీ బుడగ చెప్పింది. తన మీద బుడగలు ఖాళీగా తేలుతుంటే సీసీకి ఎంత కోపమొస్తుందో వాడికి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

దీని పక్కనే షాన్ టాన్ 'ది అరైవల్' (2006) పెడతాను. ఇందులో చదవడానికి ఒక్క మాటా లేదు, అంతా పెన్సిలు బొమ్మలే. పెట్టె సర్దుకుని, భార్యనూ కూతుర్నీ వదిలి ఒకతను పరాయి దేశం వెళ్తాడు. సముద్రం మీద ఎన్ని రోజులు గడిచాయో చెప్పడానికి రెండు పేజీల నిండా చిన్నచిన్న గళ్లు, గడికో మబ్బు. అతను దిగిన ఊళ్లో బోర్డుల మీది లిపి టాన్ కల్పించినది. అతనికి అర్థం కాదు, మనకూ కాదు. తిండి ఏదో, బస్సెక్కడ ఎక్కాలో, పక్కన తిరిగే వింత జంతువు కరుస్తుందో లేదో తెలియక అతనితో పాటే మనమూ తికమకపడతాం. షాన్ టాన్ తండ్రి మలేసియా నుంచి ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడినవాడు. నాన్న గల్ఫ్‌లో ఉన్న పిల్లలు గోదావరి జిల్లాల్లో ఏ క్లాసులో చూసినా కనబడతారు. వాళ్లకు ఈ పుస్తకం ఇచ్చి నేను దూరంగా ఉంటాను.

తొమ్మిదో తరగతికి

జీన్ లుయెన్ యాంగ్ 'అమెరికన్ బార్న్ చైనీస్' 2006లో వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో కౌమార సాహిత్యానికిచ్చే ప్రింట్జ్ అవార్డు పొందింది. ఆ అవార్డు అందుకున్న తొలి గ్రాఫిక్ నవల ఇదే. చైనా పురాణ కథల కోతిరాజు, అమెరికా బడిలో ఒంటరిగా కూర్చునే జిన్ అనే అబ్బాయి, చూడగానే సిగ్గేసే చుట్టం ఇంటికొచ్చిన డానీ: మూడు కథలూ విడివిడిగా నడిచి చివర్లో ఒక్కటవుతాయి. డానీ కథలో గళ్ల కింది అంచున 'హహహ' అని నవ్వులు వరసగా అచ్చయి ఉంటాయి, టీవీ కామెడీల్లో వెనక వినబడే నవ్వుల్లా. చైనీయుల మీద అమెరికన్లు వేసే వెకిలి జోకులన్నిటికీ ఆ నవ్వు పడుతుంది. ఇక్కడ నవ్వాలా వద్దా అని చదివేవాడికి ఇబ్బంది మొదలవుతుంది. ఆ ఇబ్బంది కోసమే యాంగ్ ఈ పుస్తకం రాశాడు. డల్లాస్‌లో పెరుగుతున్న మా అక్క మనవరాలు సెలవులకొచ్చి ఇది చదివింది. బళ్లో జిన్ టిఫిను డబ్బా చూసి పిల్లలు వెక్కిరించే పేజీ తిప్పి నాకు చూపించి, "అమ్మమ్మా, ఇది నాకూ అయింది" అంది. అంతకుముందు వాళ్లమ్మకు కూడా చెప్పలేదట.

మన దేశం నుంచి నేను ముందుగా చేతికిచ్చేది 'భీమాయన'. 2011లో నవయాన వేసింది. మాటలు శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లవి. బొమ్మలు మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లవి. అంబేడ్కర్ స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలే దీనికి ఆధారం. సతారా బళ్లో ప్యూను పైనుంచి పోస్తేనే దాహం తీరే పిల్లవాడు, 1901లో తండ్రి దగ్గరకు బయల్దేరి మసూర్ స్టేషన్లో బండి దొరక్క నిలబడ్డ పిల్లవాడు, విదేశంలో చదివొచ్చి బరోడాలో తలదాచుకోవడానికి చోటు దొరకని యువకుడు... నీళ్లు, నీడ, ప్రయాణం చుట్టూ కథ తిరుగుతుంది.

వ్యామ్ దంపతులు మనుషుల్ని పెట్టెల్లో బంధించబోమన్నారు. అందుకే ఇందులో గళ్లు లేవు. గోండులు ఇళ్లకు వేసుకునే దిగ్నా ముగ్గు పేజీని విడదీస్తుంది. మాటల బుడగలైతే మరీ చూడాలి. మెత్తని మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కులం పేరెత్తి కసిరే మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. పాఠ్యపుస్తకంలో అంటరానితనం నాలుగు మార్కుల ప్రశ్న. ఇక్కడ ఎవరి నోట్లోంచి కొండి వస్తోందో, ఎవరికి తగులుతోందో కంటికి కనబడుతుంది. కథకు బయట, ఇవాళ్టి బస్టాపులో రిజర్వేషన్ల మీద ఒకతను విసుక్కోవడం ఉంటుంది. అతని మాటలే మా పిల్లల్లో కొందరు ఇళ్లల్లో వింటారు. కాబట్టి ఈ పుస్తకం తిరిగొచ్చిన రోజున లైబ్రరీలో వాదన జరుగుతుంది. జరగనిస్తాను.

పది దాటాక

'పెర్సెపొలిస్' మర్జానె సత్రపి సొంత కథ. ఫ్రెంచిలో 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా వచ్చింది. 1979 విప్లవం నాటికి ఆమె ఇరాన్లో తొమ్మిదేళ్ల పిల్ల. పుస్తకమంతా నలుపు తెలుపే, నీడలు కూడా వేయలేదు. ఒక పేజీ చెబుతాను. ఇరాక్‌తో యుద్ధం నడుస్తోంది. పేదింటి అబ్బాయిలకు బంగారు రంగు వేసిన ప్లాస్టిక్ తాళంచెవి ఇచ్చి, చనిపోతే స్వర్గం తలుపు దీంతోనే తెరుచుకుంటుందని చెప్పి పంపుతారు. పేజీ పైసగంలో మందుపాతరలు పేలి ఆ పిల్లలు గాల్లోకి ఎగిరిపోతుంటారు, మెడల్లో తాళంచెవులతో. కింద, చిల్లుల స్వెటరూ మెడలో గొలుసూ వేసుకుని మర్జీ తన తొలి పార్టీలో గెంతుతుంటుంది. పైనా కిందా ఒళ్లు విరుచుకున్న తీరు ఒక్కటే. రెండిటి మధ్య ఉన్నది సన్నని తెల్ల గీత. పేదవాళ్ల పిల్లలు చచ్చిపోతుంటే మేం డాన్సు చేశాం అని సత్రపి ఎక్కడా రాయలేదు. ఆ గీత దాటేటప్పుడు ఆ వాక్యం మన బుర్రలో తయారవుతుంది. గ్రాఫిక్ నవల పనంతా ఇలా గడికీ గడికీ మధ్యే జరుగుతుంది.

ఇక 'మౌస్'. ఆర్ట్ స్పీగల్‌మన్ తండ్రి వ్లాడెక్ ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ పోలెండు యూదుడు. కొడుకు అడగడం, ముసలాయన చెప్పడం. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. 1986లో ఒకటి, 1991లో ఒకటి రెండు సంపుటాలు. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం. తలదాచుకునే చోటు లేక వ్లాడెక్, భార్య అన్యా నడుస్తున్న దారి ఒక గడిలో స్వస్తిక ఆకారంలో ఉంటుంది. ఎటు తిరిగినా హిట్లర్ గుర్తు మీదే అడుగు. 2022లో అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఒక కౌంటీ బోర్డు, బూతు మాటలూ ఒక నగ్న చిత్రమూ ఉన్నాయని ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి దీన్ని తీసేసింది. ఆ వెంటనే కాపీలు ఎగబడి కొన్నారు. నేనైతే పదో తరగతి పరీక్షలు అయిపోయిన సెలవుల్లో ఇస్తాను. అందులో ఆర్ట్ తల్లి ఆత్మహత్య ఉంది. బూతు మాటల కన్నా నన్ను ఆలోచింపజేసేది అది.

ఇవన్నీ ఇంగ్లీషులోనే మా దగ్గరున్నాయి. కొన్నిటి ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి తలా ఒకటి కొని మార్చుకోవచ్చు. ఒకటే కొనగలిగితే ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకు 'ఎల్ డెఫో', ఇంగ్లీషంటే బెదిరే వాళ్లకు 'ది అరైవల్', ఇంటర్ వాళ్లకు 'పెర్సెపొలిస్'.

"మూడొందల పేజీలు గంటలో అవగొట్టేశాడు, డబ్బులు దండగ" అంటారు కొందరు నాన్నలు. మొదటిసారి అలాగే పరిగెత్తుతారు, కథ ఏమవుతుందో తెలియాలిగా. రెండోసారి చదివించడం మన వంతు. "నీకు నచ్చిన పేజీ ఒకటి చూపించు, నాకు అర్థం కాలేదు" అని పక్కన కూర్చోండి. వాడే వేలు పెట్టి చెబుతాడు. దానికి ముందు మీరూ ఆ పుస్తకం చదివి ఉండాలి. తేలు కొండి గురించో, తాళంచెవి గురించో ప్రశ్న వస్తే జవాబు చెప్పడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి.