ఎలర్జీ సుకుమారుల జబ్బేనా?

ఏసీ గదుల్లో పెరిగిన పిల్లలకే ఎలర్జీలనీ, మట్టిలో పొర్లి పెరిగినవాడిని ఏ రొంపా ఏమీ చేయలేదనీ మన దగ్గర గట్టి నమ్మకం. ఇది మనం పుట్టించింది కాదు. లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్ ఏటా వేసవిలో తనను వేధించే తుమ్ములు, కళ్ల దురద గురించి 1819లో రాశాడు. 1828లో మరికొందరు రోగుల వివరాలు చేర్చి, వాళ్లంతా మధ్య, ఉన్నత తరగతులవాళ్లేననీ, పేదల దవాఖానాల్లో వాకబు చేసినా తిరుగులేని కేసు ఒక్కటీ దొరకలేదనీ అన్నాడు. అలా అది దొరల జబ్బుగా పేరుపడింది. కానీ దవాఖానాకు వచ్చినవాళ్లే ఆ లెక్కలోకి వస్తారు. ఉత్త తుమ్ముల కోసం రోజు కూలి వదులుకునేవాడు ఆనాడైనా ఈనాడైనా అరుదే.

ఆ నమ్మకంలో నిజం పాలు లేదనను. 1958లో ఒకే వారంలో పుట్టిన 17 వేలమందికి పైగా బ్రిటిష్ పిల్లల వివరాలను పరిశోధకుడు డేవిడ్ స్ట్రాకన్ పరిశీలించి, అన్నలూ అక్కలూ ఎక్కువమంది ఉన్నవాళ్లలో హే ఫీవర్ (పుప్పొడి ఎలర్జీ) తక్కువని 1989లో ప్రకటించాడు. పశువుల కొట్టాల మధ్య పెరిగిన యూరప్ పల్లె పిల్లల్లోనూ ఇలాంటి ఫలితమే కనిపించింది. అయితే ఇరుకు బతుకే రక్షణ కదా అంటే, అక్కడ రెండు వేరు విషయాలు కలిసిపోతున్నాయి. పసితనంలో క్రిములతో పరిచయం పుప్పొడి మీద ఒంటి తిరుగుబాటును కొంత ఆపుతుందేమో గానీ, కట్టెల పొయ్యి పొగను ఆపదు, చెమ్మగోడ బూజును ఆపదు. పైగా మురుగు కాలవ పక్కన ఒంటి గదిలో తిరిగే బొద్దింకలు, పాత పరుపులో చేరే కంటికి కనిపించని దుమ్ము పురుగులు తామే ఎలర్జీ కారకాలు. ఆవుల కొట్టానికీ ఆ గదికీ పోలికే లేదు.

ముక్కు కారితే ఎలర్జీయేనన్నది రెండో పొరపాటు. గుంటూరు వైపు మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలను చూడండి. కాయ తుంచిన ప్రతిసారీ వేళ్ల దగ్గర్నుంచే ఘాటు లేస్తుంది, కొంగు ముక్కుకు చుట్టుకున్నా దాన్ని దాటుకొని లోపలికి పోతుంది. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ ముక్కులోని నరాల కొసలను నేరుగా రెచ్చగొడుతుంది, ఎలర్జీ ప్రమేయం లేకుండానే ముక్కు ధారకడుతుంది. ఎలర్జీలో తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అక్కడ ప్రధాన దోషి కాదు కాబట్టి, దాన్ని అడ్డుకునే సెట్రిజిన్ మాత్ర పెద్దగా అక్కరకు రాదు. ‘వాళ్లకు అలవాటేలెండి’ అనేవాళ్లున్నారు. తట్టుకోలేనివాళ్లు ఆ పని మానేసి వేరే పని వెతుక్కుంటారు. మిగిలినవాళ్లను చూసి అలవాటైందని మనం తేల్చేస్తాం.

ఇక వైద్యం దగ్గర, పేదవాళ్లది నిర్లక్ష్యమన్న నింద. లెక్క వాళ్లవైపు నుంచి వేసి చూడాలి. ముక్కు దిబ్బడ తీవ్రంగా ఉండి వదలనివాళ్లకు వైద్యులు ముందుగా చెప్పేది స్టీరాయిడ్ స్ప్రే. ఖరీదు కొన్ని వందలు, పూర్తి గుణం కనబడాలంటే రోజులు, ఒక్కోసారి వారాలు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే జైలోమెటజోలిన్ చుక్కలు చవక, నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. తెల్లారితే పనికి పోవాల్సినవాడు దేన్ని కొంటాడు? తీరా చూస్తే ఆ చుక్కలు అయిదారు రోజులు మించితే అవే దిబ్బడ తెచ్చిపెడతాయి, సీసా మీద సీసా కొనిపిస్తాయి. స్టీరాయిడ్ అనే మాటకే జడిసి స్ప్రే వద్దనేవాళ్లు, ఊళ్లో ఆర్‌ఎంపీ పొడిచే స్టీరాయిడ్ సూదికి మాత్రం చెయ్యి చాపడం ఇంకో విచిత్రం. ఫ్లూటికసోన్ అనే స్టీరాయిడ్ స్ప్రే ఒక్కసారి నొక్కితే వచ్చేది 50 మైక్రోగ్రాములు, అదీ ముక్కు వరకే. సూదిలో 40 మిల్లీగ్రాముల మందు ఒళ్లంతా పాకుతుంది. ఆ మందులు వేరైనా, వాటి పరిధుల్లో తేడా చిన్నది కాదు.

స్ప్రే మాని చవక ఎలర్జీ మాత్రతో సరిపెట్టుకుంటే నష్టమేమిటంటారా? అది మగత తెచ్చే పాతకాలపు మాత్రయితే నష్టముంది. 2007లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ప్రకారం, హే ఫీవర్ లక్షణాలున్న పదో తరగతి ఈడు పిల్లలు సన్నాహక పరీక్షలతో పోలిస్తే అసలు పరీక్షల్లో ఒక గ్రేడైనా జారే అవకాశం మిగతావాళ్లకంటే 40 శాతం ఎక్కువ. మగత మందు వాడినవాళ్లలో అది 70 శాతం. లారీ నడిపేవాడికీ, యంత్రం దగ్గర నిలబడేవాడికీ మగత అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

డబ్బే అడ్డమైతే డాక్టరేం చేస్తాడన్నది చివరి అభ్యంతరం. వంట ఎక్కడ, పని ఏమిటి, ఈ సీసా అయిపోయాక ఇంకోటి కొనగలరా అని అడిగితే చీటీ మారుతుంది. పరుపుకు ఖరీదైన తొడుగు చెప్పే బదులు దుప్పట్లు వేడినీళ్లలో ఉతకమనవచ్చు. కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం నేర్పవచ్చు, కుళాయి నీళ్లు తిన్నగా వాడొద్దని మరీ మరీ చెప్పాలి. అంతకుమించినది ప్రభుత్వాల పని. మన ఆరోగ్య పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరే జబ్బుల కోసం కట్టినవి, తుమ్ములతో ఎవరూ చేరరు. బ్యుడెసొనైడ్ అనే స్టీరాయిడ్ ముక్కు స్ప్రే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు మాత్రల పక్కన దానికీ చోటు ఇవ్వాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.