బ్రేకు గొట్టంలో గాలి ఎందుకు ఉండకూడదు?

ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా బండి తయారుచేసి బాహా అనే బళ్ల పోటీకి తీసుకెళ్తారు. అక్కడ బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ బిగుసుకోవాలి. లేకపోతే పందెంలోకి రానివ్వరు.

పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేక్ ఆయిల్ మీద ఒత్తిడి పడుతుంది. మూసిన గొట్టంలో ఆ ఒత్తిడి అన్నివైపులా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలోనే శాస్త్రవేత్త పాస్కల్ చెప్పాడు. ఎంత నొక్కినా ద్రవం దాదాపు కుంచించుకోదు. గాలి కుంచించుకుంటుంది! బుడగ మిగిలితే మన బలం దాన్ని నొక్కడానికే పోతుంది, పెడల్ స్పాంజిలా దిగిపోతుంది.

అందుకే గొట్టాలు బిగించాక ఒకరు పెడల్ తొక్కిపట్టాలి, మరొకరు చక్రం దగ్గరి బ్లీడర్ స్క్రూ కాస్త వదులుచేయాలి. బుడగలతో ఆయిల్ బయటికొస్తుంది. స్క్రూ బిగించాకే పెడల్ వదలాలి, లేదంటే గాలి మళ్లీ లోపలికి దూరుతుంది. బుడగలు ఆగేదాకా ఇదే పని.

సులువుగా వంగుతుంది కదా అని మామూలు రాగి గొట్టం మాత్రం వాడకండి. అదురుకు పగులుతుంది.