సొంత పార్టీ లేని అమెరికా కార్మికుడు

2022 చివర్లో సమ్మెతో అమెరికాలో గూడ్సు రైళ్లు ఆగిపోయేలా ఉన్నాయి. దాదాపు 1,15,000 మంది కార్మికులు. ఐదేళ్లలో 24 శాతం జీతం పెంపు ఖాయమైంది. తేలనిది సెలవుల సంగతి. జ్వరమొస్తే జీతం కోత పడకుండా ఇంట్లో పడుకునే వీలు రైలు కంపెనీలతో కుదిరిన కొత్త ఒప్పందంలోనూ లేదు. పన్నెండు యూనియన్లలో నాలుగింటి సభ్యులు దాన్ని ఓటేసి తిప్పికొట్టారు.

అప్పుడు అధ్యక్షుడు బైడెన్. యూనియన్లకు తనంత దగ్గరి అధ్యక్షుడు లేడని చెప్పుకున్న డెమొక్రాట్. ఆ ఒప్పందాన్నే చట్టం చేసి అమలు చేయమని ఆయన అమెరికన్ కాంగ్రెస్‌ను కోరాడు. ఏడు రోజుల సిక్ లీవు ఇవ్వాలన్న ప్రతిపాదన దిగువ సభలో నెగ్గింది. సెనేట్‌లో 60 ఓట్లు కావలసి ఉండగా 52 పడ్డాయి. ఒప్పందం రుద్దే బిల్లుకు మాత్రం 80 పడ్డాయి. డిసెంబర్ 2న బైడెన్ సంతకంతో సమ్మె దారి మూసుకుపోయింది. మరుసటి ఏడాది చాలా యూనియన్లు కంపెనీలతో మాట్లాడుకుని కొన్ని రోజుల సిక్ లీవు సాధించుకున్నాయి. అందులో ప్రభుత్వం ఒత్తిడీ ఉంది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ వామపక్ష విమర్శకులు అడిగేది వేరు: కార్మికుడికున్న ఒకే ఒక్క ఆయుధాన్ని లాక్కున్నది అతను ఓటేసి గెలిపించిన పార్టీయే కదా?

మన దగ్గర జెండా చూస్తే ఏ యూనియన్ ఏ పార్టీదో తెలిసిపోతుంది. ఏఐటీయూసీ అంటే సీపీఐ, సీఐటీయూ అంటే సీపీఎం, ఐఎన్‌టీయూసీ అంటే కాంగ్రెస్. బ్రిటన్‌లో 1900లో లేబర్ పార్టీకి పునాది వేసినవాళ్లలో యూనియన్లే ముఖ్యం. అమెరికాలో అలాంటిదేమీ నిలదొక్కుకోలేదు. 1936లో రూజ్‌వెల్ట్ గెలుపు కోసం పనిచేసిన నాటి నుంచి పెద్ద యూనియన్లు ఎక్కువగా డెమొక్రాట్ల వెంటే నడుస్తున్నాయి. చందాలిస్తాయి, ఇల్లిల్లూ తిరిగి ఓట్లడుగుతాయి. గెలిచాక ఆ పార్టీని నిలదీసి లెక్క అడిగే అధికారం మాత్రం వాటికి లేదు.

విమర్శకులు తరచూ 1947కు వెళతారు. ఆ ఏడాది వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం, మరో కంపెనీ కార్మికులకు మద్దతుగా చేసే సమ్మెలకు అడ్డుకట్ట వేసింది. కమ్యూనిస్టులం కామని యూనియన్ నాయకుల చేత ప్రమాణపత్రాలు రాయించింది. ట్రూమన్ వీటో చేశాడు. దిగువ సభలో ఆయన సొంత డెమొక్రాట్లలోనే ఎక్కువమంది ఆ వీటోను కొట్టేశారు. తర్వాత రెండేళ్లకు సీఐఓ అనే యూనియన్ల సమాఖ్య పదకొండు వామపక్ష యూనియన్లను బయటకు నెట్టడం మొదలుపెట్టింది. పార్టీకి ఎదురుచెప్పగల గొంతులు యూనియన్లలో అలా తగ్గిపోయాయి. నాకు అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే అనిపిస్తుంది. టాఫ్ట్-హార్ట్‌లీని రద్దు చేస్తామన్న డెమొక్రాట్ల హామీ నెరవేరలేదు. యూనియన్లకు మేలు చేసే సవరణలు 1965లో, 1978లో, 2009లో సెనేట్ గడప దాటలేదు. 1950ల మధ్యలో ప్రతి ముగ్గురు ఉద్యోగుల్లో ఒకరు యూనియన్ సభ్యులు. ఇప్పుడు పదిమందిలో ఒకరు.

మరి వేరే పార్టీ పెట్టుకోరేం? టోనీ మజోకీ పెట్టాడు. చమురు, రసాయన కార్మికుల నాయకుడు. 1970 నాటి పని భద్రత చట్టం కోసం ఊరూరా తిరిగినవాడు. యజమానులకు రెండు పార్టీలున్నాయి, మనకూ ఒకటి కావాలన్నది ఆయన వాదన. 1996 జూన్‌లో క్లీవ్‌లాండ్‌లో దాదాపు 1,400 మంది ప్రతినిధులు కూడి లేబర్ పార్టీని స్థాపించారు. బలం చేకూరేదాకా ఎన్నికల్లో పోటీ వద్దనుకున్నారు. ఓట్లు చీలితే రిపబ్లికన్లు గెలుస్తారన్న భయం యూనియన్లను వదల్లేదు. 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాలో రిపబ్లికన్ బుష్ 537 ఓట్లతో బయటపడ్డాక, మూడో పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు పడిన ఓట్లను తలచుకుని ఆ భయం రెట్టింపైంది. 2002లో మజోకీ పోయాడు. కొన్నేళ్లకే పార్టీ చల్లబడింది.

రోగం ఏమిటో విమర్శకులు సరిగ్గానే పట్టుకున్నారు. మందు దగ్గరే చిక్కంతా. ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే సీటనే పద్ధతిలో మూడో పార్టీకి చోటు దొరకడం కష్టం. అలాగని ఎటూ పోలేని ఓటరును ఏ పార్టీ బుజ్జగిస్తుంది?

2024లో నెబ్రాస్కాలో డాన్ ఆస్బోర్న్ పార్టీ పెట్టకుండానే సెనేట్‌కు స్వతంత్రుడిగా నిలబడ్డాడు. ఒమాహాలోని కెల్లాగ్స్ ఫ్యాక్టరీలో మెకానిక్‌గా పనిచేస్తూ 2021 సమ్మెను ముందుండి నడిపినవాడు. వామపక్షవాదినని చెప్పుకోలేదు, డెమొక్రాట్ల మద్దతూ తీసుకోలేదు. వాళ్లూ అక్కడ అభ్యర్థిని నిలపలేదు. ఆ రాష్ట్రంలో అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్లు సుమారు 20 శాతం తేడాతో ఓడారు. ఆస్బోర్న్ ఓడింది ఏడు శాతం లోపు తేడాతో.