వార్తల్లో పదం: నలాక్సోన్

ఫెంటనిల్, హెరాయిన్ వంటి ఓపియాయిడ్ల మోతాదు మించితే మెదడు ఊపిరి తీయడమే మరిచిపోతుంది. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, పెదవులు నీలమెక్కుతాయి. పిలిచినా పలుకు ఉండదు. అప్పుడు ముక్కులో కొట్టే విరుగుడు నలాక్సోన్. మెదడులో మత్తు పట్టుకున్న చోటు నుంచి దాన్ని నెట్టేసి తాను కూర్చుంటుంది. అమెరికాలో ఈ మందుకు 1971లోనే అనుమతి వచ్చినా, దాని స్ప్రేను చీటీ లేకుండా అమ్మేందుకు 2023 దాకా ఆగారు. ఇంత ఆలస్యమా!

వాడటానికి డాక్టరే కానక్కర్లేదు. అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఒక ముక్కురంధ్రంలో కొట్టాలి. 2, 3 నిమిషాల్లో స్పందన లేకుంటే రెండో రంధ్రంలో మరొకటి. అసలు మెలిక ఆ తర్వాతే. మందు పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. లేచి కూర్చున్నాడు కదా అని వదిలేస్తే, లోపల మిగిలిన మత్తు మళ్లీ ఊపిరి ఆపొచ్చు. అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉండాలి.