మన్నారు సింధుశాఖ – సొరచేపల సంరక్షణము

కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతముల తెలుగువారు నల్లరేగడిని నమ్ముకొని జీవించినవారు. విజయనగర, నాయకరాజుల కాలములలో ఇచ్చటికి తరలివచ్చిన కుటుంబములకు ప్రత్తి, జొన్న, వర్తకము పరిచితములు. సముద్రము పరిచితము కాదు. అయినను ఈ సీమకు సముద్రముతో సంబంధము లేకపోలేదు. పడమటి కనుమలలో పుట్టిన వైప్పారు నది విరుదునగరము జిల్లాలో ప్రవహించి, సాత్తూరును దాటి, మన్నారు సింధుశాఖలో కలియుచున్నది. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోనిదే. తూత్తుకుడి రేవు అచ్చటికి సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. అంతకంటె దగ్గరి సంబంధము వంటయింటిలో కలదు. బాలింతకు పాలు పడునని పాలసొర వండిపెట్టు ఆచారము తెలుగు తీరమునను, తమిళదేశమునను చిరకాలముగా నున్నది. కావున సొరచేప సంగతి పల్లెకారులకు మాత్రమే సంబంధించినది కాదు.

సొర చేపయే యైనను తక్కిన చేపల వంటిది కాదు. దాని శరీరమున గట్టి యెముకలు లేవు, మృదులాస్థియే కలదు. టేకు చేపలు, రంపపు చేపలు దాని జ్ఞాతులు. ఈ వంశము నలువది కోట్ల యేండ్ల నాటిది. సంతానవిషయమున భేదము మరింత ముఖ్యము. కానాగంత వంటి చేప ఏడాదికే యీడేరి, వేలకొలది గ్రుడ్లు పెట్టును. వేటవలన తగ్గినను త్వరలో కోలుకొనగలదు. పాలసొర యన్ననో గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును; ఒక కానుపున సాధారణముగా రెండు మొదలు ఐదు పిల్లలు మాత్రమే పుట్టును; గర్భధారణకాలము సుమారొక సంవత్సరము. పెద్దజాతులలో కొన్ని యీడేరుటకు పదియేండ్లకు పైగా పట్టును. వానిని కానాగంతలవలె పట్టుట పంటను కోయుట కాదు; విత్తనపు గింజలను వండుకొనుట. వర్షాధారపు సేద్యము చేయు కరిసల్ రైతునకు ఈ భేదమును వేరుగా చెప్పవలసిన పని లేదు.

సముద్రమున సొర కాపరి వంటిది. రోగగ్రస్తములను, బలహీనములను తిని, క్రింది జాతుల సంఖ్యను అదుపులో నుంచును. అది తొలగినచో ఆ పొందిక చెడి, తక్కిన వేటకును నష్టము కలుగవచ్చును.

ఈ క్షయమునకు కారణములు రెండు. మొదటిది, సముద్రపు అడుగును ఊడ్చు ట్రాలు వల. అది పెద్ద పిన్న యని చూడక సమస్తమును పైకి తెచ్చును. రెండవది, తూర్పు ఆసియాలో పులుసునకై సొర రెక్కలకు గల గిరాకి. 1970 మొదలు 2018 వరకు ప్రపంచ మహాసముద్రములలోని సొరలు, టేకులు 71 శాతము తగ్గినవని 2021లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. ఈ వర్గపు జాతులలో మూడవవంతునకు పైగా నశించు ప్రమాదములో నున్నవి.

తరుగని సంపద లేదనుటకు మన్నారు సింధుశాఖయే సాక్షి. కొర్కై కాలమునుండి ప్రసిద్ధమైన ముత్యపు వేట తూత్తుకుడిలో 1961తో నిలిచిపోయినది. పగడపు రాతిని త్రవ్వుకొనుటవలన 21 దీవులలో రెండు నీట మునిగినవి.

ప్రభుత్వము ఊరకుండలేదు. ఈ దీవుల ప్రాంతము 1986లో సముద్ర జాతీయోద్యానమును, 1989లో జీవావరణ రక్షితప్రదేశమును అయినది. తూర్పు తీరమున ప్రతి యేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషిద్ధము. 2015లో సొర రెక్కల ఎగుమతి నిషేధింపబడినది.

అయినను శాసనమొక్కటియే చాలదని 2001 నాటి యనుభవము తెలుపుచున్నది. ఆ యేట జూలైలో సొర, టేకు జాతులన్నిటిని పట్టుట నిషేధింపగా, జీవనము పోవునని పల్లెకారులు మొరపెట్టిరి. డిసెంబరులో నిషేధము తిమింగల సొర, గంగా సొర, రంపపు చేపలు మొదలగు పది జాతులకు పరిమితమైనది. వలలో ఏది పడునో ముందుగా నెరుగని వానిని శిక్షించుటకంటె, వానిని రక్షకునిగా చేసికొనుట మేలు. గుజరాతులో ఇదియే జరిగినది. తిమింగల సొరను కానుపునకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచుతో పోల్చి మొరారి బాపు ప్రబోధించిరి. వల కోసి దానిని విడిచిన వారికి వల ఖరీదును ప్రభుత్వము చెల్లించినది. నాడు దానిని వేటాడినవారే వందలకొలది సొరలను విడిచిపెట్టిరి. 2021 డిసెంబరులో విశాఖపట్టణము సమీపమున తంతడి తీరమున వలలో చిక్కిన తిమింగల సొర తిరిగి సముద్రమునకు చేర్పబడినది.

ఇక మెట్టప్రాంతపు గృహస్థులు చేయదగిన దేమి? పాలసొర యను పేర సంతలో అమ్మబడునది తరచుగా ఇతర సొరల పిల్లయే; దానిని కొనుట ఒక తరమును కొనుటయే. బాలింతకు కావలసినది మంచి పోషణము. దానికి సొరయే కావలెనను నియమము లేదు; త్వరగా వృద్ధిపొందు చిన్నచేపలు, పప్పులు, ఆకుకూరలు చాలును. పైగా పెద్ద సొరల మాంసమున పాదరసము చేరియుండును గాన అది తల్లికిని బిడ్డకును క్షేమకరము కాదు. తల్లి క్షేమమునకై పుట్టిన ఆచారము, ఆ క్షేమమునే కోరి మార్పుచెందుట ధర్మవిరుద్ధము కాదు. విత్తనమును దాచుకొనుట యెరిగిన వారు సముద్రపు విత్తనమును గూడ కాపాడగలరు.