ఆపత్కాలంలో అమానతు

ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వస్తుంటే కొత్తపేట దగ్గర ఒకప్పటి పండ్ల మార్కెట్ స్థలం ఉంటుంది. 2022 ఏప్రిల్ 26న అక్కడ టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అంతకు ఏడాది ముందు, కరోనా రెండో ఉధృతిలో, ఒక్క ఆక్సిజన్ సిలిండర్ కోసం, ఆసుపత్రిలో ఒక్క మంచం కోసం మనం పడిన యాతన మరువగలమా?

ఆనాడు మనల్ని ఆదుకున్న చేతులను గుర్తుచేసుకుందాం. సౌదీ అరేబియా 80 టన్నుల ద్రవ ఆక్సిజన్ పంపింది. రష్యా స్పుత్నిక్ టీకాల మొదటి విడత, లక్షా యాభై వేల డోసులు, 2021 మే 1న మన హైదరాబాద్‌లోనే దిగింది. అదే ఏడాది జనవరి 20న భూటాన్, మాల్దీవులకు టీకాలు పంపడం మొదలుపెట్టింది మన దేశమే. ఇచ్చిన చేయే మూడు నెలలకు చాచవలసి వచ్చింది. ఇక్కడి అవసరం పెరిగి ఎగుమతులు ఆగిపోగా, మన టీకాపై ఆశపెట్టుకున్న ఆఫ్రికా పేద దేశాలు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. ధనిక దేశాలు మాత్రం తమ జనాభాకు మించి ముందే కొనిపెట్టుకున్నాయి. పొరుగువాడి ఆకలి పట్టనివాడి విశ్వాసం అసంపూర్ణమన్న మన ధర్మం, పొరుగు దేశం విషయంలో వేరే తీర్పు ఇస్తుందా?

సాయంతోపాటు జవాబుదారీతనమూ ఉండాలి. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా సిరియాకు వెళుతూ సర్గ్ చేరేసరికి ముందు ప్లేగు ప్రబలిందని తెలిసింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) సూటిగా అడిగారు. జాగ్రత్తపడటం కూడా దైవనిర్ణయంలో భాగమేనని ఖలీఫా బదులిచ్చారు. అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్లరాదనీ, అక్కడున్నవారు పారిపోరాదనీ దైవప్రవక్త (సఅసం) బోధించిన సంగతిని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడు తెలియజేశారు. పాలకుణ్ణి ప్రశ్నించారు, పాలకుడు జవాబిచ్చాడు!

నేటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, ప్రపంచానికి ముప్పు కాగల వ్యాధి అని అంచనాకు వచ్చిన 24 గంటల్లో ప్రతి దేశమూ ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలపాలి. ముందస్తు సన్నద్ధత కోసం 2025 మే 20న సభ్యదేశాలు మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. ఆచరించినప్పుడే ఒప్పందానికి విలువ.

అయితే జవాబు అడగడం వేరు, నింద మోపడం వేరు. 2020 మార్చిలో ఢిల్లీ మర్కజ్ ఘటన తరువాత ఒక వ్యాధిని ఒక సమాజానికే అంటగట్టారు. ఆ బాధ మన ఇళ్లకూ తెలుసు. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్లుందని వ్యాఖ్యానించింది.

సోదర సోదరీమణులారా! నింద ఎంత చేదో ఎరిగిన మనం మరొకరిపై నింద వేయకూడదు. జ్వరాన్ని దాచడం, పుకారును పంచడం కూడా అమానతులో ద్రోహమే. రేపు మరో వ్యాధి వస్తే దేశాలను అడిగే ప్రశ్న ముందు మన ఇంట్లో అడుగుదాం: నిజం చెప్పామా? ఉన్నది పంచామా?

ఆ రెంటికీ అల్లాహ్ ముందు జవాబు చెప్పగల భాగ్యం ఆయన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.